గుడ్డికొంగకు ఎవరు చెప్పారు

కొత్త జిల్లాలు ఏర్పడిన కొన్నేళ్లకు, నా పదవీ విరమణకు ముందరి వర్షాకాలంలో, నిజామాబాద్‌లో నేను పనిచేస్తున్న ప్రచార కార్యాలయం నాకో కొత్త పని అప్పగించింది. బోధన్ వైపు కాలువల్లో, చెరువుల్లో, చెరకు తోటల మధ్య తిరిగే కొంగల మీద ఒక చిన్న బొమ్మల పుస్తకం వేస్తారట. ఫోటోలు నేను తీయాలి. అట్ట మీద బొమ్మ కింద ఫోటోగ్రాఫర్ పేరు కూడా వేస్తామన్నారు. ఆ ఒక్క మాటకు నేను ఎగిరి గంతేశాను. అంతకాలం నా ఫోటోలు పత్రికల్లో రోజూ వచ్చేవి గానీ, కింద పేరు ఉండేది కాదు. ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌కు జీతం ఉంటుంది, పేరు ఉండదు.

మా పని ఎలా ఉంటుందో చెప్పాలి. మంత్రి గారు మొక్క నాటుతారు. ఆ క్షణంలో ఎవరో అడ్డం వస్తారు, లేదా కలెక్టరు గారు కళ్లు మూస్తారు. అప్పుడు ఫోటోగ్రాఫర్ ‘సార్, ఒక్కసారి మళ్లీ’ అంటాడు. నాటిన మొక్కకే మళ్లీ మట్టి వేస్తారు, ఇచ్చిన చెక్కునే వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. ఇది మోసమని ఎవరూ అనుకోరు, అది మా వృత్తి మర్యాద. నేను ఆ మాట ఎంతగా వాడేవాణ్నంటే, ఆఫీసులో నా అసలు పేరు గంగాధర్ పక్కకు పోయి ‘మళ్లొక్కసారి’ అనే పేరు స్థిరపడింది.

కొంగల దగ్గర ఆ మాట చెల్లలేదు. బోధన్ దారిలో ఒక చెరువులో నారాయణ పక్షులు, అంటే మనిషి నడుం దాకా వచ్చే బూడిదరంగు పెద్ద కొంగలు, నేను గట్టెక్కేలోపే లేచిపోయాయి. తెల్లకొంగలు దొరికాయి కానీ బొమ్మలో రెక్కలన్నీ సున్నం పూసినట్టు వచ్చాయి. కెమెరా లోపలి మీటరు చుట్టూ ఉన్న పచ్చటి వరిని చూసి వెలుతురు లెక్క కడుతుంది. అది చెప్పినట్టు వింటే పక్షి తెలుపులో ఈకల గీతలు కాలిపోతాయి. అందుకని వెలుతురు ఒక మెట్టు తగ్గించి తీయాలి. ఇన్నేళ్ల సర్వీసులో తెల్ల ఖద్దరు చొక్కాలను లెక్కలేనన్ని తీసినవాణ్ని, ఈ సూత్రం నాకు త్వరగానే పట్టుబడింది.

ఆఫీసు లెన్సు సభలకు సరిపోయేది. దూరపు పక్షికి చాలదు. అందుకే మనిషిని దగ్గరికి రానిచ్చే పక్షిని వెతుక్కున్నాను. అది గుడ్డికొంగ. దాని కళ్లు బాగానే ఉంటాయి. కదలకుండా కూర్చుని, మనం దాదాపు తొక్కబోయేదాకా లేవదు కనుక జనం అలా పిలుస్తారు. వానాకాలంలో దాని వీపు వంకాయరంగుకు తిరుగుతుంది. కూర్చుంటే మట్టిలో మట్టి, లేస్తే రెక్కలు పాలతెలుపు.

బోధన్ అవతల నిజాంసాగర్ కాలువకు ఒక తూము ఉంది. తూము పక్కన మెట్లు, మెట్ల కింద నీళ్లు నిదానంగా సుడి తిరిగే మూల. అక్కడ ఒక గుడ్డికొంగ రోజూ కనిపించేది. సాయవ్వ పరిచయమైంది కూడా అక్కడే. చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయే దారిలో ఆమె మెట్ల మీద ఆగి, చేపలకు మురమురాలు వేసేది. వేస్తూ కొంగను తిట్టేది.

“సూడు సారూ, గా దొంగది! నేను చాపలకేస్తే గది ఎత్కపోతది.”

“కొంగ ముర్మురాలు తింటదా అవ్వా?” అన్నాను.

“తినకపోతే ఎందుకెత్కపోతది? ముసల్దాన్నని నాకే కథలు చెప్తవా?”

ఆమె వెళ్లిపోయాక నేను ఉండిపోయాను. కొంగ మెట్టు మీద చెదిరిన ఒక మురమురాన్ని ముక్కుతో పట్టుకుంది. మింగలేదు. రెండడుగులు నడిచి నీళ్ల మీద వదిలింది. వదిలి, మెడ లోపలికి లాక్కుని, ముద్దలా కూర్చుంది. మురమురం సుడికి కొట్టుకుపోబోతే తిరిగి అందుకుని, తెచ్చి మొదటి చోటే వేసింది. కాసేపటికి దాన్ని కొరకడానికి ఒక పరకపిల్ల పైకి వచ్చింది. కొంగ మెడ సాగడం నేను చూడలేదు, చేప ముక్కులో ఉండడం మాత్రమే చూశాను. వేలు మాత్రం తన పని తాను చేసింది. షట్టరు ముందే సెకనులో రెండువేలవ వంతుకు పెట్టి, అది మురమురం ఎత్తినప్పటి నుంచీ వరుసగా కొడుతూనే ఉన్నాను.

గాలం వేసే మనుషుల్ని చూశాను గానీ ఎర వేసే పక్షిని అంతకుముందు చూడలేదు. ఎవరు నేర్పారు దీనికి? సాయవ్వ వేసినప్పుడు చేపలు మూగడం చూసి తానే నేర్చిందా? బస్సులో నిజామాబాద్ చేరేదాకా ఇదే ఆలోచన.

ఆఫీసులో అలవాటు ప్రకారం పని ముగించాను. మా పద్ధతి ఏమిటంటే, కార్యక్రమం అయ్యాక బాగా వచ్చిన ఒక్క బొమ్మ ఉంచి మిగతావి చెరిపేయాలి. కళ్లు మూసిన అధికారి, నోరు తెరిచిన మంత్రి ఎవరి చేతికీ చిక్కకూడదు. నేను కూడా చేప ముక్కులో ఉన్న బొమ్మ ఉంచి, మర్నాటి సభకు కార్డు ఖాళీ చేశాను.

మా ఏడీ మేడం, అంటే సహాయ సంచాలకులు, పుస్తకానికి బాధ్యురాలు. ఆమె పెట్టిన నిబంధన ఒకటే: పక్షికి తిండి వేసి, ఆశ చూపి తీసిన బొమ్మ పుస్తకంలోకి రాకూడదు. నా బొమ్మను పెద్దది చేసి చూశారు. కొంగ ముక్కులో చేప, పక్కనే నీళ్ల మీద తేలుతున్న మురమురం.

“ఇవి ఎవరు వేశారు గంగాధర్ గారూ?”

“కొంగే వేసింది మేడం.”

ఆమె కళ్లద్దాలు తీసి నావైపు చూసి నవ్వారు. “కొంగకు కూడా ‘ఒక్కసారి మళ్లీ’ అన్నారా?”

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలి? కొంగ మురమురం పట్టుకున్న బొమ్మ, వదిలిన బొమ్మ, తిరిగి తెచ్చిన బొమ్మ అన్నీ ఉండాల్సింది. నేనే చెరిపేశాను. ఇప్పుడు పోయేది అట్ట మీద పేరు ఒక్కటే కాదు. ఈ మాట బయటికి పాకితే, పక్షికి ఎర వేసి బొమ్మ తీసినవాడిగా రిటైరవుతాను.

ఒక్కసారి వచ్చి చూడమని మేడంను అడిగాను. ఆమె కాదనలేదు. నా మొహం చూసి జాలిపడి ఉంటారు. తూము దగ్గరికి చేరేసరికి సాయవ్వ తన మురమురాలు వేసేసి కూర్చుంది. నేను కెమెరా సంచిలోనే ఉంచాను. చేతులు కనిపించేలా మోకాళ్ల మీద పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. కొంగ వచ్చింది. నీళ్లకేసి చూస్తూ చాలాసేపు ఊరికే నిలబడింది. మేడం ఫోను మోగింది. ఆమె తల వంచి మాట్లాడుతుండగా కొంగ మురమురం ఎత్తి, నీళ్ల మీద పెట్టి, చేపను పట్టేసింది.

“మేడం!” అన్నాను.

ఆమె తలెత్తేసరికి చేప తోక గొంతులోకి దిగిపోతోంది.

“అయ్యో! ఒక్కసారి మళ్లీ!” అన్నారామె, కొంగతో.

సాయవ్వ పకపకా నవ్వింది. “గదేమన్న నీ నౌకరా మేడం, నువ్వనంగనె జేస్తందుకు?”

మేడం కూడా నవ్వేశారు. ఫోను సంచిలో పడేసి నా పక్కన అదే మెట్టు మీద కూర్చున్నారు. ఎండ ఎక్కేదాకా ముగ్గురం కొంగనే చూస్తూ ఉన్నాం. కొంగ మళ్లీ ఒక మురమురాన్ని తీసింది. నీళ్ల మీద ఉంచింది, కొట్టుకుపోతే తిరిగి తెచ్చింది, ఆగింది. ఈసారి చేప రానే లేదు. కానీ మేడం చూడాల్సింది చూశారు.

“తీశారా?” అని గుసగుసగా అడిగారు.

“కెమెరా సంచిలో ఉంది మేడం” అన్నాను.

సాయవ్వ లేచి చీర దులుపుకుంటూ, “ఇన్నొద్దులు నేను చాపలకేస్తున్న అనుకున్న. గీ దొంగదానికి ఏసిన్నన్నట్టు” అని, తిట్టుకుంటూనే కార్ఖానాకు పోయింది.

మొదటి బొమ్మే అట్ట మీదికి వెళ్లింది. మురమురాలు చేపల కోసం ఎవరు వేశారో, కొంగ వాటితో ఏం చేసిందో మేడం కింద రెండు వాక్యాల్లో రాయించారు. ఆ తర్వాత నా పేరు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఉపయోగపడుతుందని రెండు సంగతులు చెబుతాను. వరుసగా తీసిన బొమ్మల్లో ఒకటి ఉంచి మిగతావి చెరపకండి. బాగా రాని బొమ్మలే బాగా వచ్చినదానికి సాక్ష్యం. ఇక బొమ్మను నమ్మేముందు జనం తీసినవాణ్ని తూచి చూస్తారు. ఏళ్ల తరబడి అందరి చేతా రెండోసారి చేయించిన నన్ను తూచినప్పుడు మేడంకు అనుమానం రావడంలో ఆమె తప్పు లేదు.

మిగిలిన సర్వీసులో నేను ఎవరినీ ‘ఒక్కసారి మళ్లీ’ అని అడగలేదు. కొన్ని బొమ్మల్లో పెద్దవాళ్లు కళ్లు మూసుకుని వచ్చారు. అలాగే పంపాను.