పిన్నిగారు వదులుకున్న పార్కింగ్

కోకాపేటలో మా పక్క ఫ్లాట్ పిన్నిగారు ఇక లేరు. వానలకు ముందే వెళ్లిపోయారు. జబ్బు ఎన్నాళ్లుగానో లోపల ముదురుతోందని డాక్టరు చెబితే మేమంతా తెల్లబోయాం. ముందురోజు సాయంత్రం కూడా ఆవిడ బకెట్ పట్టుకుని కిందికి దిగడం చూశాను మరి.

ఉద్యోగమంతా హిమాలయాల దిగువన పైన్ అడవుల్లో చెట్ల మీద పరిశోధన చేసి, రిటైరయ్యాక ఇక్కడ అద్దెకు దిగారు. మా ఆవరణలో బిల్డర్ దయతలచి కొట్టకుండా వదిలేసిన ముసలి వేప ఒకటుంది. దాని మొదలు దాకా పార్కింగ్ టైల్సే. కిందటి ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికాం. ఉన్న కాసిని నీళ్లూ కొత్త మొక్కలకే పోయాలని మీటింగులో తేల్చారు.

“అది పాత చెట్టు మేడమ్, దాని ఫికర్ మనకెందుకు? మొక్కలైతే జర నాజూకుంటయి,” అన్నారు అసోసియేషన్ ప్రెసిడెంట్.

“నేనూ మొదట్లో అలాగే అనుకున్నానండి,” అన్నారు పిన్నిగారు. ఆవిడ చూసిన ఒక కరువులో లేత పైన్ చెట్లే ముందు ఎర్రబారాయట. వానలు పడగానే అవే తేరుకున్నాయట. ముసలివి ఆ ఏడు పచ్చగా నిలబడ్డాయి. తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటే కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఎన్ని వానలు పడ్డా లేవలేదు. “పెద్దది ఓర్చుకుంటుందండి. ఓర్చుకోవడమంటే బాగుండటం కాదు కదా.”

అందరూ తలలూపారు. చెట్టు చుట్టూ టైల్స్ తీద్దామని ఆవిడ అనేసరికి ఒక్కొక్కరే కుర్చీలు జరుపుకుని లేచారు. కారు చోటు వదులుకోమంటే మా వాళ్లు ప్రాణం అడిగినట్టు చూస్తారు. చివరికి ఆవిడే చెట్టు నీడలో ఉన్న తన చోటులో టైల్స్ తీయించి, కారు అమ్మేసి, ఆటోల్లో తిరిగారు. బియ్యం కడిగిన నీళ్లూ, కూరలు కడిగిన నీళ్లూ రోజూ అక్కడ పోసేవారు.

“గంత దూరం పోస్తున్నవేందమ్మా? చెట్టు గీడుంది గద,” అని సెక్యూరిటీ అతను నవ్వేవాడు.

“దాని నోరు ఇక్కడుంది బాబూ,” అనేవారు, కొమ్మల నీడ చివర చూపిస్తూ. నీళ్లు తాగే వేళ్లు అక్కడే ఉంటాయట.

చెట్టును కొస నుంచి చూడటం నాకు ఆవిడే నేర్పారు. అందుకు రుణపడి ఉంటాను. నేర్చుకోకపోతే ఇప్పుడు కాస్త సుఖంగా ఉండేదాన్నేమో కూడా.

ఆవిడ ఫ్లాట్‌లోకి కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లకు కారుంది. టైల్స్ మళ్లీ పరిచేశారు. వద్దని నేను మీటింగులో గొంతు చించుకున్నాను. “పచ్చగనే ఉంది గద మేడమ్,” అన్నారు ప్రెసిడెంట్. కొసకొమ్మలు ఎండిపోయాయని వేలు పెట్టి చూపించాను. “వానలు పడనీయుండ్రి, అదే లేస్తది,” అన్నారు.

ఈ వారం వాన పడింది. మొక్కలన్నీ చిగుళ్లేశాయి. గ్రూపులో ఫొటోలు, చప్పట్లు. నేను బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. వేప చిటారున ఒక్క ఆకు లేదు. వాన నీళ్లు దాని మొదలు చుట్టి, కొత్త టైల్స్ మీదుగా జారి, గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి.