నలుగురు మార్కస్‌లు, ఒక్క జ్వరం

మొన్న ఆదివారం నేనేం చేశానో తెలుసా? మా ఊరి బిష్టుపూర్ బజార్లో, పట్టపగలు, కాఫీ తాగుతున్న జనం ముందు, ఒకే ఒక్క బటన్ నొక్కి నలుగురు పిల్లల్ని చంపేశాను. నలుగురి పేరూ మార్కసే! కంగారు పడకండి, ఆటలో పిల్లలు. కానీ వాళ్ల అమ్మానాన్నలు మాత్రం నిజం మనుషులు. వాళ్ల కోపం కూడా నిజమే.

మొదట్నుంచీ చెప్తాను, చాయ్ చల్లారనివ్వకండి.

నేను భాలుబాసాలో మా ఇంట్లోనే లెక్కల ట్యూషన్లు చెప్తాను. మిగిలిన టైమంతా ఏడాదిగా ఒక ఆట తయారుచేస్తున్నాను. ఫోన్‌లో ఆడేది కాదు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ ఆడేది. కథ ప్రాచీన రోమ్‌లో. వలేరియస్ అని ఒక వంశం. ఆరుగురు ఆటగాళ్లు, ఆరు ఇళ్లు. పాచిక పడితే పిల్లలు పుడతారు, పెరుగుతారు, యుద్ధాలకి వెళ్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, జ్వరమొస్తే పోతారు కూడా. దీన్నంతటినీ నడిపేది నా ఎక్సెల్ షీట్. ఎన్ని ఇళ్లలో ఆడపిల్ల పుట్టొచ్చు, ఎంతమంది ఐదేళ్లు దాటొచ్చు, ప్రతి అంకెనూ నేనే లెక్కకట్టాను. ఎవరూ నేర్పలేదు. ఈ మాట చెప్పేటప్పుడు కాస్త గొంతు పెరుగుతుంది, ఏమీ అనుకోకండి.

అసలు రోమన్ల మీద నాకంత పిచ్చి ఎందుకంటే, వాళ్ల పేర్లు! ఆడపిల్ల పుడితే పేరు కోసం తల పట్టుకోరు. వంశం వలేరియస్ అయితే అమ్మాయి వలేరియా. అంతే! రెండో అమ్మాయి పుడితే మొదటి వలేరియా, రెండో వలేరియా. నంబర్లండీ, నంబర్లు! మగపిల్లాడికి తండ్రి పేరో తాత పేరో. మనకి పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల అయితే, వాళ్లకి ఆడపిల్లకి ఎనిమిదో రోజు, మగపిల్లాడికి తొమ్మిదో రోజు. ఇంత పద్ధతిగల జాతిని నేనెందుకు ప్రేమించను?

వాళ్లకి మూడో పేరు కూడా ఒకటి ఉండేది. ఊరు పెట్టే పేరు. బట్టతల, పెద్దముక్కు, శనగగింజ, ఇలాంటివి. నా షీట్‌లో మొదట దానికొక కాలమ్ పెట్టాను. తర్వాత చూస్తే దాంతో ఒక్క లెక్కా జరగడం లేదు.

"ఉండనీవే, సరదాగా ఉంటుంది" అంది రూతు. మా వీధిలోనే ఉంటుంది, చిన్నప్పట్నుంచీ నా స్నేహితురాలు. ఆట నాతో ఆడి పరీక్షించింది తనే.

"సరదా వేరు, డేటా వేరు" అన్నాను నేను. కాలమ్ డిలీట్!

మేమిద్దరం రెండు ఇళ్లతో ఆడి చూశాం. అద్భుతంగా నడిచింది. దాంతో నేరుగా బిష్టుపూర్ వెళ్లి, ఒక కాఫీ షాపు ఓనర్ పంకజ్ భయ్యాని పట్టుకున్నాను. ఆయన షీట్ చూసి నోరు తెరిచాడు, అది మాత్రం నిజం. "ఒక ఆదివారం ఆడించి చూపించు. జనం నవ్వుతూ వెళ్తే ఆదివారం మధ్యాహ్నాలు నీవే. విసుక్కుంటూ వెళ్తే మళ్లీ అడగొద్దు" అన్నాడు హిందీలో. ఏడాది కష్టం, ఒక్క మధ్యాహ్నం పరీక్ష!

సరిగ్గా ఆ రోజే ఇంట్లో ఎవరూ లేరు. నానమ్మని బిష్టుపూర్ తీసుకెళ్లి కళ్లజోడు చేయించాల్సింది నేనే.

"నువ్వాడే ఆటేటో నేనూ సూత్తాను, పద గుంటా" అని ముందే ఆటో ఎక్కి కూర్చుంది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై ఈ హిందీ ఊరికి వచ్చి యాభై ఏళ్లు దాటినా నానమ్మ మాట మాత్రం అక్కడిదే. షాపులో ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్, బిస్కెట్లు ఇప్పించి నేను బల్ల దగ్గరికి వెళ్లాను.

ఆరుగురూ వచ్చారు! మొదటి అరగంట నా జీవితంలోనే గొప్ప అరగంట. పాచికలు పడుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు, నేను ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు అంటూ పేర్లు ప్రకటిస్తున్నాను. అంజలి అనే బ్యాంకు ఉద్యోగిని "మా వాడికి నాకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చా?" అని అడిగింది.

"కుదరదండి, రోమన్ రూల్" అన్నాను, ఎంత ఠీవిగా అన్నానో!

మొత్తం పదకొండు మంది పిల్లలు. నలుగురు మార్కస్‌లు, ముగ్గురు గాయస్‌లు, నలుగురు వలేరియాలు. అంటే పేరుకి సగటున మూడున్నర మంది పైనే. అప్పుడైనా నాకు వెలగాలి కదా! వెలగలేదు. ఆడపిల్లలకి నంబర్లున్నాయి కదా అనే ధీమా. నంబర్లు ప్రతి ఇంట్లోనూ ఒకటి నుంచే మొదలవుతాయని లెక్కల టీచర్‌కి తట్టలేదు. నాలుగిళ్లలో నలుగురూ మొదటి వలేరియాలే!

పెళ్లికొడుకు వచ్చాడు. "మొదటి వలేరియాకి సంబంధం" అన్నాను. నాలుగు ఇళ్ల వాళ్లూ ఒప్పేసుకున్నారు. సైన్యం నుంచి పిలుపు వచ్చింది. "మార్కస్ వెళ్లాలి" అన్నాను. నలుగురు మార్కస్‌ల వాళ్లూ పక్కవాళ్ల వైపు వేలు చూపించారు. నేను నవ్వి సర్దేశాను. తర్వాత జ్వరం కార్డు పడింది. మార్కస్ మృతి. షీట్‌లో మార్కస్ అని టైపు చేసి ఎంటర్ కొట్టాను.

నా ఫార్ములా నాలాగే చురుకైనది. మార్కస్ అనే పేరు ఎక్కడుంటే అక్కడల్లా మరణం రాసేసింది. ఒక్క జ్వరానికి నలుగురూ హరీ!

"మేరా బేటా జిందా హై!" నా కొడుకు బతికే ఉన్నాడని అంజలి బల్ల మీద కొట్టింది. ఇంజినీరింగ్ చదివే రోహిత్ "దీదీ, నా వాడు సైన్యంలో ఉన్నాడు, ఇంట్లో జ్వరం ఎలా వస్తుంది?" అన్నాడు. నీ వాడా వెళ్లింది, నా వాడా అని ఇంకొకాయన. ఆరు గొంతులు, ఒకటే రభస. రోహిత్ బ్యాగు భుజాన వేసుకున్నాడు. కౌంటర్ వెనకాల పంకజ్ భయ్యా వాచీ చూసుకున్నాడు. నేను లాప్‌టాప్ వెనక తల దాచుకుని స్క్రోల్ చేస్తున్నాను, అక్కడేదో జవాబు ఉన్నట్టు!

అప్పుడు వెనకాల నుంచి వచ్చింది నానమ్మ, చేతిలో బిస్కెట్‌తో.

"ఏటే ఆ గోల? ఎవులు సచ్చిపోనారు?"

"నలుగురు మార్కస్‌లు నానమ్మా. అందరిదీ ఒకటే పేరు. ఎవడు ఎవడో తెలీడం లేదు."

"ఓలమ్మా! దీనికేనేటే?" నానమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మనింట్లో అప్పలస్వాములు ఐదుగురు కాదేటి? మీ ముత్తాత పేరు ఎవులూ వదల్నేదు. క్రేన్ నడిపినోడు క్రేన్ అప్పలస్వామి. పర్సుడీలో ఉన్నోడు పర్సుడీ అప్పలస్వామి. సిన్నప్పుడు బెల్లం దొంగిలించినోడు బెల్లం అప్పలస్వామి. యాభై ఏళ్లలో ఒక్కడి ఉత్తరం ఇంకొకడికి ఎల్లిందేటి?"

నేను డిలీట్ చేసిన కాలమ్ అది! మా ఇంట్లో నడుస్తూనే ఉంది, పెళ్లిళ్లలో పక్కన కూర్చుని భోజనం కూడా చేస్తోంది.

నానమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మీ వాడెలాంటివాడు, రోజంతా ఏం చేస్తాడు అని రోహిత్‌ని తన హిందీలో అడగడం మొదలుపెట్టింది. "తుమ్హారా లడ్కా కైసా హై? క్యా కర్తా హై దిన్‌భర్?"

రోహిత్ తన పిల్లాడి కార్డు చూసుకుని, వాడికి పాచికలో ఓపిక అంకె ఒకటే పడిందన్నాడు.

"నిద్రమొహం మార్కస్" అని తేల్చేసింది. నేను హిందీలో చెప్తే అందరూ గొల్లున నవ్వారు. అంజలి కొడుక్కి ధైర్యం ఒకటే పడింది. "పిరికి మార్కస్."

"దాదీ, ఆ పేరు వద్దు!" అంది అంజలి.

"పేరు మనం పెట్టుకుంటామేటమ్మా? ఊరు పెడతాది" అంది నానమ్మ. రెండు వేల ఏళ్ల రోమన్ పద్ధతి, ఒక్క ముక్కలో!

బలం ఆరు పడినవాడు క్రేన్ మార్కస్ అయ్యాడు. ఇక్కడ నేను ఊరుకోవాలా? "రోమ్‌లో క్రేన్ ఎక్కడిది నానమ్మా!" అన్నాను. రోహిత్ ఫోన్ తీసి చూసి, "దీదీ, ఉండేవట. మనుషులు చక్రంలో నడిచి తిప్పేవారట" అన్నాడు. బ్యాగు ఎప్పుడు దించాడో నేను చూడలేదు. అవతలి బల్ల వాళ్లు కూడా కుర్చీలు ఇటు తిప్పారు. ఎదురు మాట్లాడే అమ్మాయి నోరున్న వలేరియా అయింది. ఆ పేరుతో ఆమె సంబంధం ఏ పెళ్లికొడుక్కీ అక్కర్లేకుండా పోయింది!

కంట్రోల్ జెడ్ కొట్టి నలుగుర్నీ బతికించాను. జ్వరం కార్డు మళ్లీ వేశాం. ఈసారి ఒక్కడే పోయాడు, నిద్రమొహం మార్కస్. చిత్రం చూడండి, ఇందాక నలుగురు పోతే కొట్టుకున్న జనం ఇప్పుడు నిజంగా చిన్నబోయారు. "పాపం, నిద్రలోనే పోయుంటాడు" అని అంజలి అంది. రోహిత్ లేచి నిలబడి కొడుకు గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. నానమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒక గంట అనుకున్న ఆట రెండున్నర గంటలు నడిచింది.

అందరూ వెళ్లాక పంకజ్ భయ్యా నవ్వుతూ వచ్చాడు. ఆదివారాలు మావే! నాకు గాల్లో తేలినట్టుంది. షీట్ గురించి ఏదైనా అంటాడని నిటారుగా నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని వెళ్లి నానమ్మకి వంగి దండం పెట్టి, వచ్చే ఆదివారానికి పిలిచాడు.

"దాదీ, అగ్‌లే సండే ఆయేంగీ నా?"

"వత్తాన్లే బాబూ" అంది నానమ్మ.

"నేనూ వస్తాను భయ్యా, ఆట నాదే కదా!" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఎంతో మర్యాదగా అన్నాడు: "హాఁ హాఁ, ఆప్ భీ ఆ జాయియే."

నేను కూడా రావచ్చట!