మూడో పిలుపు

తిబిలిసి నగరం మెట్రోలో, ఎస్కలేటర్ అడుగున ఉండే గాజు గదిలో త్సియాల ఇరవై ఏడేళ్ళుగా కూర్చుంటోంది. మెట్ల మీద ఎవరైనా తూలిపడితే మీట నొక్కి ఆపడం ఆమె పని. అంతకంటే మంచి ఉద్యోగాలు రెండొచ్చాయి, రెండింటినీ కాలదన్నుకుంది. ఎందుకంటారా? పైనుంచి దిగే ప్రతి మొహమూ ఆ గాజు ముందునుంచే పోవాలి. ఆ మొహాల్లో ఏదో ఒక రోజు తమ్ముడు బద్రి ఉంటాడని ఆమె ఆశ.

పందొమ్మిదేళ్ళప్పుడు సుఖుమి యుద్ధానికి వెళ్ళాడు వాడు. శవం రాలేదు, కబురూ రాలేదు. ముప్పై ఏళ్ళు దాటాయి. ఈమె మాత్రం ఇప్పటికీ పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళనే పరకాయించి చూస్తుంది, పిచ్చి మనిషి! బతికుంటే వాడికి యాభై దాటుండాలని లెక్క తెలియక కాదు.

విందుల్లో ఆమె పట్టుదల అందరికీ తెలిసిందే. బతికున్నవాళ్ళ పేర గ్లాసెత్తినప్పుడు బద్రి పేరు చెప్పి తీరాలి. పోయినవాళ్ళ వంతు వచ్చినప్పుడు ఎవరి రొట్టె ముక్క మీద వాళ్ళు నాలుగు చుక్కలు వైన్ ఒంపి, తమవాళ్ళ పేరు తలుచుకుంటారు. ఆ రొట్టె మీద బద్రి పేరు పడకూడదు. ఒకసారి సొంత పిన్ని నోరు జారింది. పదకొండేళ్ళు ఆవిడతో మాటల్లేవు.

సెప్టెంబరులో ఒక శనివారం, ఊరగాయకి మిరపకాయలు కొందామని చిన్ననాటి స్నేహితురాలు జుజునా కారు తీసింది. పక్కన త్సియాల, వెనక సీట్లో మక్వల. ముగ్గురూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు. జుజునా కబుర్లలో పడి సంత దాటేసింది.

"ఒసే, సంత వెనకాలే పోయిందే!" అని మక్వల అరిచింది.

"పోతే పోనీ. కాఖేతి పల్లెల్లో మిరపకాయలు దొరకవా ఏంటి? అటే పోదాం."

"నా చెప్పులు చూడవే, ఇంట్లో తొడుక్కునేవి!"

"నిన్ను చూసుకోడానికి పెళ్ళివారెవరూ రావట్లేదులే."

త్సియాల కూడా నవ్వింది. సెలవు రోజైనా సాయంత్రం ఒకసారి స్టేషన్‌కి పోయి ఆ మెట్ల దగ్గర నిలబడి రావడం ఆమెకి అలవాటు. ఇవాళ అది తప్పుతుందని తెలిశాక నవ్వు ఆగింది. ఏదో తప్పు చేస్తున్నట్టు వెనక్కి తిరిగి రోడ్డు చూసింది.

కాఖేతిలో ఒక సందు చివర, గేటుకు తగిలించిన చెక్క మీద సుద్దతో "వైన్ ఉంది" అని రాసి ఉంది. లోపల ముసలాయన ఉషాంగి. ఏడాదికి నాలుగు కాగుల వైన్ చేస్తాడు, అంతే. అక్రోటు చెట్టు కింద బల్ల వేసి వేడి రొట్టె, జున్ను, చిక్కుడు గింజల కూర పెట్టాడు. కారు నడపాలి కాబట్టి జుజునాకి వట్టి ద్రాక్షరసం. ఆవిడ మొహం మాడ్చుకుంది.

అప్పుడు వినబడింది పాట. పక్కనున్న సామాన్ల కొట్టులోంచి, నేల కింది నుంచి, మగ గొంతు. త్సియాల చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. చివరి మాటని అలా సాగదీసి పాడేది బద్రి ఒక్కడే.

"ఎవరది?"

"మా అల్లుడమ్మా, మల్ఖాజ్. కోతలొస్తున్నాయిగా, కాగులోకి దిగి కడుగుతున్నాడు. మెడదాకా భూమిలో పాతిన కాగు, లోపల గాలాడదు. కళ్ళు తిరిగి పడినా పైవాళ్ళకి తెలియదు. అందుకే పాడుతూనే ఉండాలి. పాట ఆగితే పిలుస్తాం. మూడు పిలుపులకీ పలక్కపోతే ఇక తాడేసి పైకి లాగడమే."

"గొంతు బానే ఉందే," అంది జుజునా.

"ఏం గొంతమ్మా! మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

అందరూ నవ్వారు. త్సియాల చెవులు మాత్రం ఆ కొట్టు వైపే ఉన్నాయి.

ఉషాంగి లేచి శాంతి పేర గ్లాసెత్తాడు, తర్వాత అతిథుల పేర, తర్వాత పోయినవాళ్ళ పేర. మక్వల రొట్టె మీద ఒంపుతూ, "అమ్మకి... నాన్నకి..." అంది. తర్వాత చాలా మెల్లిగా, "బద్రికి" అంది.

త్సియాల ఆ చేతి మీద ఒక్కటేసింది. రొట్టె నేల మీద పడింది.

"నా తమ్ముణ్ణి చంపడానికి నువ్వెవతివే!"

"ముప్పై ఏళ్ళుగా నీ ముందు నోరు కట్టుకున్నానే. తిరిగి రాగానే నన్ను చేసుకుంటానన్నాడు. వాడి కోసం నేను ఏడవకూడదా?"

అప్పుడు తెలిసింది అందరికీ, పాట ఆగిపోయిందని.

ఉషాంగి మోకాళ్ళు పట్టుకుని లేచేలోపే త్సియాల కొట్టులోకి పరుగెత్తింది. కాగు మూతి దగ్గర మోకరిల్లి, ఆ చీకట్లోకి తల వంచి అరిచింది. నోట్లోంచి వచ్చిన పేరు మల్ఖాజ్‌ది కాదు.

"బద్రీ!"

కాగు ఆమె గొంతునే ఆమెకి తిరిగిచ్చింది.

"బద్రీ!"

పలకలేదు.

"బద్రీ! పలకరా నాయనా!"

"ఆఁ, ఆఁ! ఉన్నా, ఉన్నా! బద్రి ఎవరమ్మా? నేను మల్ఖాజ్‌ని. కుంచె పీచు నోట్లో పడితే ఉమ్ముకుంటున్నా."

"పాడి చావరా వెధవా, ప్రాణాలు తోడేశావు!" అని గుమ్మంలోంచి ఉషాంగి తిట్టాడు.

త్సియాల అక్కడే కూర్చుండిపోయింది. బతికున్నవాడు మూడో పిలుపుకి పలికాడు, నోటి నిండా పీచుతో, వేరేవాడి పేరుకైనా సరే పలికాడు. తను ఎన్నిసార్లు పిలిచింది! పత్రికల్లో పిలిచింది, రేడియోలో పిలిచింది, ఇరవై ఏడేళ్ళు గాజు వెనక కూర్చుని లోలోపల పిలిచింది. అక్కని అంతసేపు పిలిపించుకునే పిల్లాడు కాదు బద్రి.

బల్ల దగ్గరికొచ్చింది. కింద పడిన రొట్టె తీసి, దుమ్ము దులిపింది. గ్లాసు వంచి దాని మీద నాలుగు చుక్కలు ఒంపింది.

"బద్రికి," అంది. ఆ ముక్కని మక్వల ముందు పెట్టింది. "నువ్వూ పొయ్యవే."

కాగులో మల్ఖాజ్ మళ్ళీ పాట అందుకున్నాడు. ఈసారి అది మల్ఖాజ్ గొంతే. త్సియాల మక్వల భుజం మీద తలపెట్టి, ముప్పై ఏళ్ళ తర్వాత, తమ్ముడి కోసం భోరుమంది.