అరవై కార్బన్ల బంతి, మా అయ్య వెదురు బద్దలు

తొంభైల చివర్లో నేను అరకు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు డుంబ్రిగుడ అవతల, కొండ వాలులో. కాఫీ తోటలో పని లేని రోజుల్లో మా అయ్య వెదురు బద్దలతో కోళ్ల గంపలు అల్లి సంతకి తీసుకెళ్లేవాడు.

ఆ ఏడు చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ కలిపి సెమినార్ పోటీ మా కాలేజీలోనే పెట్టారు. కొండ దిగువ మైదానం కాలేజీలవాళ్లు పోటీ కోసం కన్నా లోయ చూడ్డానికే ఎక్కువ వస్తున్నారని అందరికీ తెలుసు. మా కెమిస్ట్రీ సార్ నన్ను పిలిచి, "నువ్వు ఫుల్లరిన్ల మీద మాట్లాడాలమ్మా" అన్నారు. ఆ మాట వినడం నాకదే మొదలు.

బొగ్గు తెలుసు, గ్రాఫైట్ తెలుసు, వజ్రం గురించి చదివాను. అరవై కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని, లోపల ఖాళీగా ఉండే పంజరం కడతాయని సార్ చెబితే నోరు తెరుచుకుని విన్నాను. ఆయన ఇచ్చిన జిరాక్స్ కాగితంలో బొమ్మ నల్లగా అలుక్కుపోయింది. అయిదు భుజాల వలయాలు కొన్ని, ఆరు భుజాల వలయాలు కొన్ని ఉంటాయని మాత్రం చదవగలిగాను. ఎన్నెన్ని, ఎక్కడెక్కడ అన్నది కనబడలేదు.

"ఫుట్‌బాల్ కుట్లు చూడు, తెలిసిపోతుంది" అన్నారు సార్.

కాలేజీలో ఉన్నది ఒక్క వాలీబాల్.

ఇంటికొచ్చి అట్టపెట్టెలు కోశాను. ఆరు పలకల ముక్కలన్నీ అంటిస్తే చాపలా నేల మీద పడుకున్నాయి తప్ప లేవలేదు. మధ్యమధ్య అయిదు పలకలవి దూర్చితే ఒకచోట ఉబ్బి, ఇంకోచోట చిరిగింది. నాలుగు రోజులు అదే పని. మైదానం పిల్లలు రంగురంగుల ప్లాస్టిక్ మోడళ్లు తెస్తారని క్లాసులో అందరూ చెప్పుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది.

అయ్య అరుగు మీద గంప అల్లుతూ చూస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు గుంటా? ఆ అట్టముక్కల్తో ఏటి పోట్లాట?"

"బంతి కట్టాలయ్యా. అన్నీ ఆరేసి మూలలుంటే వంగట్లేదు."

"ఆరు కన్నయితే ఎలా వొంగుతాది? వొంగదు." అయ్య చేతిలోని గంప తిప్పి చూపించాడు. అడుగున బద్దల మధ్య కళ్లన్నీ ఆరు పలకలవే. అంచు దగ్గర, గంప పైకి లేచే చోట, అక్కడొకటి ఇక్కడొకటి అయిదు పలకల కళ్లు. "ఇక్కడ ఒక బద్ద తగ్గించీసినాను. అయిదు కన్ను పడినాది. అది పడితేనే గంప లెగుత్తాది."

పుట్టినప్పటి నుంచీ ఆ గంపల మధ్యే తిరిగాను. ఒక్కసారి కూడా కళ్లు లెక్కపెట్టలేదు.

"మరి నోరు కూడా మూసేసి, మొత్తం బంతిలా అల్లగలవా?"

"మూసీసిన గంపలో కోడిని ఎలా పెడతావు?" అని నవ్వాడు. కానీ మర్నాడు లేత వెదురు కొట్టుకొచ్చి, సన్నగా చీల్చి కూర్చున్నాడు. ఆ వారం సంతకి వెళ్లలేదు.

మొదటి బంతి చిన్నది చేద్దామని నేనే తొందరపెట్టాను. అయిదు కన్ను పక్కనే ఇంకో అయిదు కన్ను వేయించాను. సగం కాకముందే బద్ద ఫట్‌మని విరిగి నా చెయ్యి గీసుకుపోయింది.

"సూసినావా? రెండు అయిదులు ఆనుకుంటే అంత వొంపుకి బద్ద ఆగదు. మద్దిలో ఆరు కన్ను ఉండాల."

రెండోసారి అయ్య చెప్పినట్టే చేశాం. ప్రతి అయిదు కన్ను చుట్టూ ఆరు పలకల కళ్లే అయిదు. మూడో రోజు పొద్దున బంతి మూసుకుంది. నేను ప్రతి కంటికీ గుర్తుగా ఎర్రరంగు నూలు కడుతూ లెక్కపెట్టాను. అయిదు కళ్లు పన్నెండు, ఆరు కళ్లు ఇరవై. కళ్ల మధ్య మూడేసి బద్దలు కలిసే చిన్న ముక్కోణాలు సరిగ్గా అరవై. ఒక్కో ముక్కోణం ఒక్కో కార్బన్! నేను అరిచిన అరుపుకి కోళ్లు చెదిరిపోయాయి.

పోటీ రోజు అయ్య కూడా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాకుండా వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాడు. నా ముందు మాట్లాడినవాళ్లు ఇంగ్లీషులో గడగడా చెప్పేశారు. నేను బంతి పట్టుకుని వేదిక ఎక్కగానే వెనక బెంచీల్లో ఎవరో, "కోళ్ల గంప తెచ్చింది రోయ్" అన్నారు. నవ్వులు. నాలుగు ఇంగ్లీషు వాక్యాలయ్యాక అయిదోది మరిచిపోయాను.

ముందు వరసలో కూర్చున్న న్యాయనిర్ణేత తెల్లజుట్టు ప్రొఫెసర్. "తెలుగులో చెప్పమ్మా, నాకూ తెలుగొచ్చు" అన్నారాయన.

అంతే, కట్ట తెగింది. పంజరం ఎలా మూసుకుంటుందో బంతి తిప్పితిప్పి చెప్పాను. ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు.

"అరవై దగ్గరే ఎందుకంత స్థిరత్వం? నలభై, యాభై కార్బన్లతో పంజరం కట్టకూడదా?"

"కట్టొచ్చు సార్. కానీ అరవై కంటే తక్కువైతే ఎక్కడో ఒకచోట రెండు అయిదు భుజాల వలయాలు ఆనుకోక తప్పదు. అక్కడ వంపు ఎక్కువై బంధాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏ రెండూ ఆనుకోకుండా కట్టగలిగిన అతి చిన్న పంజరం అరవైదే. ఇందులో అన్ని కార్బన్లూ ఒక్కలాంటివే, ఒత్తిడి అన్నీ సమంగా పంచుకుంటాయి." చేతి మీద గీత చూపించాను. "చిన్నది కట్టబోతే ఇలా అయింది సార్."

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది.

"సరే. వలయాలే కదా, బెంజీన్‌లాగే బ్రోమిన్‌తో ప్రతిక్షేపణ జరుగుతుందా?"

అది జిరాక్స్‌లో లేదు. బంతి పూర్తయ్యాక సార్ తెప్పించి ఇచ్చిన పుస్తకాల్లో వెతికి, రాత్రుళ్లు దీపం దగ్గర చదివింది గుర్తు తెచ్చుకున్నాను. "జరగదు సార్. తీసేసి వేరేది పెట్టడానికి ఇందులో హైడ్రోజనే లేదు. వచ్చింది వచ్చినట్టు అతుక్కోవాలి, సంకలనమే జరుగుతుంది. అదీ రెండు ఆరు భుజాల వలయాలు కలిసే అంచు మీద. ద్విబంధాలు అక్కడే ఉంటాయి. వంచి పట్టిన బద్దలా అవి ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి, ఏదైనా వచ్చి అతుక్కుంటే అక్కడ బిగువు సడలుతుంది."

ప్రొఫెసర్ లేచి వచ్చి బంతి అడిగి తీసుకుని, రెండు చేతులతో నొక్కి చూశారు. ఎవరు అల్లారన్నారు. కిటికీ వైపు చూపించాను. ఆయనే వరండాలోకి వెళ్లి అయ్యని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చారు.

"దీనికన్నా పెద్ద బంతి అల్లాలంటే అయిదు కళ్లు ఎన్ని కావాలి?"

"పన్నెండే బాబూ."

"ఇంకా పెద్దదైతే?"

"ఏనుగంత కట్టినా పన్నెండే. ఆరు కళ్లే పెరుగుతాయి. పదమూడోది పెడితే నోరు మూసుకోదు."

ప్రొఫెసర్ సభ వైపు తిరిగి, "ఇది గణితంలో నిరూపించిన విషయం. ఈయన చేతికి ముందే తెలుసు" అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మొదటి బహుమతి నాకొచ్చింది. అయ్య ఆ చప్పట్లకి ఏం చెయ్యాలో తెలియక, అందరికీ దణ్ణం పెడుతూ నిలబడిపోయాడు.

ఎమ్మెస్సీలో సీటొచ్చి విశాఖ వెళ్లాను. రెండువేల సంవత్సరం దాటాక, ప్రాజెక్టులో భాగంగా అసలు ఫుల్లరిన్ మసి నా చేతికొచ్చింది. టోలీన్ అనే ద్రావకంలో కలిపి, వడగట్టి, గాజు గొట్టంలోంచి దించాను. నల్లటి మసిలోంచి నేరేడు పండు రసంలాంటి రంగు చుక్కచుక్కగా దిగింది. దాన్లో అమీన్ అనే రసాయనం కలిపితే, చదివినట్టే, మెల్లగా గోధుమరంగుకి తిరిగింది. ఎక్కడా సందేహం లేదు, అమీన్ బంతికి అతుక్కుంది.

సాయంత్రం ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి మా ఊరి కొట్టుకి ఫోన్ చేశాను. అయ్యని పిలిపించారు.

"అయ్యా, అసలు బంతి చేతికొచ్చింది! నేరేడు రంగు!"

"కంటికి కనబడినాదా?"

"బంతి కనబడదయ్యా. కోట్లకి కోట్లు కలిస్తే రంగు కనబడుతుంది."

అయ్య కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అరిచాడు. "మా గుంట కంటికి అగుపడని గంపలు పట్టీసినాదిరో!"

ఫోన్లో నవ్వులు, ఈలలు. బూత్ అబ్బాయి నా వైపు వింతగా చూశాడు. నేనూ గట్టిగా నవ్వాను.