సంవత్సరం మూసిపెట్టిన కంప్యూటర్

మా ఆయన పోయిన పన్నెండో రోజున మా అత్తమ్మ ఆయన కంప్యూటర్ ప్లగ్గు పీకి, దానికి బొట్టు పెట్టి, పైన ఒక తెల్ల పంచె కప్పి, పక్కన దీపం పెట్టింది. సంవత్సరీకం అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చెప్పింది.

అది మా ఇంటి పద్ధతి. బళ్లారి బ్రూస్‌పేటలో మాది కింద అచ్చాపీసు, పైన ఇల్లు. మా మామగారు పోయినప్పుడు ఆయన కాలితో తొక్కే అచ్చు మిషన్‌ను కూడా ఇలాగే ఏడాది మూసిపెట్టారట. ఏడాది తిరిగాక గుడ్డ తీసి, నూనె వేసి తొక్కితే మొదటి కాగితమే శుభ్రంగా పడిందట. అత్తమ్మ ఆ సంగతి చాలాసార్లు చెప్పేది. పోయిన మనిషి చెయ్యి ఒక ఏడాది పాటు తన పనిముట్టు మీదే ఉంటుందని ఆమె నమ్మకం. నేను పుస్తకాలు చదివినదాన్ని, నమ్మలేదు. కాదని కూడా అనలేదు. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరేననడమే సులువుగా ఉండేది.

కానీ ఆ కంప్యూటర్లో ఏముందో తెలుసుకోవాలని నాకు ఉండింది.

తొంభైల్లో, కంప్యూటర్లు మా వీధికి ఇంకా కొత్తగా ఉన్నప్పుడు, ఆయన దాన్ని బెంగళూరులో పాతది కొన్నారు. అచ్చాపీసు దుమ్ము తగలకుండా మేడ మీద పెట్టారు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, వైకుంఠ సమారాధన కార్డులు, ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడ, ఇంట్లోనే కూర్చి ఫ్లాపీలో కిందికి పంపేవారు. చావు కార్డు కోసం వచ్చినవాళ్లను ఆయన ఒక మాట తప్పకుండా అడిగేవారు.

"కింద ఇట్లు అని నీ పేరు, మీ అన్నోళ్ల పేర్లు ఉండాయి. పోయినాయన ఇంట్లో ఆమె పేరు యాడప్పా?"

"ఆడోళ్ల పేర్లు ఏస్తారా యాడన్నా? నువ్వొకడివి!" అని వాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వి, వాళ్లు చెప్పినట్టే కూర్చేవారు.

జబ్బు ముదిరి మెట్లు దిగలేకపోయిన చివరి రెండు నెలలూ ఆయన దాని ముందే కూర్చున్నారు. వచ్చిన పనులన్నీ తమ్ముడికి అప్పగించేశారు. అయినా ఏదో కొడుతూనే ఉండేవారు. ఒక వరుస కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టేవారు. నేను వెనక నిలబడితే తెర మీదికి వేరేది తెచ్చేవారు.

"ఏం రాస్తాండారు?" అని ఒకసారి అడిగాను.

"ఇంకా కాలేదమ్మీ. అయినాక నువ్వే సదువుదువు. ఈ ఇంట్లో సదివేదానివి నువ్వే కదా, నీకు కాక ఇంకెవురికి సూపిస్తా?"

అది పూర్తయిందో లేదో నాకు తెలియలేదు. తర్వాత ఆసుపత్రిలో అడగబుద్ధి కాలేదు. ఆ ఏడాదంతా నేను ఆ గది ఊడ్చేటప్పుడు పంచె వైపు చూసేదాన్ని. ఉత్తరమేమో అనుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉన్నాం, పిల్లలు కూడా లేరు, రాయాల్సిన అవసరం పడలేదు.

సంవత్సరీకం అయిన మర్నాడు పొద్దున అత్తమ్మ తన చేత్తోనే పంచె తీసింది. మా మరిది ప్లగ్గు పెట్టాడు. నేను స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. తెర మీద అంకెలు పెరుగుతూ పోయి ఆగాయి. కీచుమని ఒక చప్పుడు వచ్చింది. తర్వాత ఇంగ్లీషులో రెండు వరుసలు. డిస్కు కనబడటం లేదని వాటి అర్థం. మరిది ఆపి మళ్లీ వేశాడు. అదే చప్పుడు, అవే వరుసలు. ఓల్టేజీ తక్కువేమోనని స్టెబిలైజర్ మార్చాడు. వెనక తీగలన్నీ పీకి గట్టిగా పెట్టాడు. ఆయన జాగ్రత్త చేసిన ఫ్లాపీ ఒకటి పెడితే ఎట్లాగో లేచి తేదీ అడిగింది. ఆ రోజు 1980 జనవరి ఒకటి అని చూపించింది. డిస్కు మాత్రం లేదనే అంది.

మరిది కిందికి పోయి తెలిసిన కంప్యూటర్ అంగడికి ఫోన్ చేసి వచ్చాడు.

"డిస్కు పోయింది వదినా. ఇనంగానే చెప్పేసినాడు. రేపొచ్చి కొత్తది ఏసి, పాతది తీసకపోతాడంట."

"పాతదాంట్లో ఉండేది?"

"అది పోయినట్లే. ఏముంటుంది, పాత కార్డులే కదా."

"రేపే వద్దు. నాలుగు దినాలు ఆగు."

"ఏడాది ఆగితిమి కదా వదినా!" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. పెళ్లిళ్ల కాలం. కూర్చే పనంతా బయట చేయించుకుంటున్నాడు.

అత్తమ్మ గడపలో కూర్చుని కంప్యూటర్ వైపు చూస్తూ, "మా ఆయన మిషను తొక్కుతానే తిరిగె. ఇనుముకుండే ఇశ్వాసం దీనికి లేదు" అంది.

మా సందు చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆమె అప్పటికి రెండు కంప్యూటర్లు కూడా పెట్టి నేర్పుతూ ఉండేది. తెలుగు కొట్టడం మా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ మధ్యాహ్నం నేనే పోయి పిలిచాను. చేతిసంచీలో స్క్రూడ్రైవర్ వేసుకుని వచ్చింది. డబ్బా పైనున్న కుంకుమ, పక్కనున్న దీపం చూసింది.

"ఎన్ని దినాలాయె అక్కా ఆన్ చేయక?"

"సంవత్సరం."

"సంవత్సరమా! దీపం పెట్టే బదులు వారానికోసారి కరెంటు పెట్టింటే సాలదా అక్కా!" అంది. వెంటనే నా ముఖం చూసి, "సుమ్మనే, ఊరికే అంటి, ఏమనుకోవద్దు" అంది.

డబ్బా విప్పింది. లోపల పెద్ద పచ్చ పలక మీద వేలి కణుపంత బ్యాటరీ ఒకటి అతికించి ఉంది. దాని చుట్టూ పాచిలా తుప్పు పట్టింది.

"ఈ దినం ఏందో, డిస్కు ఎంతదో దీనికి గుర్తుండేది ఈ బ్యాటరీతోనే. మిషను నడిస్తే ఇదీ నిండుతాది. మూసిపెడితే సస్తాది. డిస్కు యాడికీ పోలేదు అక్కా. డిస్కు ఉండాదనేది ఇది మర్సిపోయింది, అంతే."

డిస్కును దాని గూటిలోంచి బయటికి లాగింది. మీద అంటించిన చీటీలో, అది ఎంతదో చెప్పే మూడు అంకెలు చిన్నగా అచ్చు వేసి ఉన్నాయి. నేను చదివాను, ఆమె కొట్టింది. రాలేదు. చీటీ కిటికీ దగ్గర పట్టుకుని మళ్లీ చూశాను. ఇందాక ఒకచోట 3ను 8 అని చదివాను. సరిచేసి చెప్పాను. ఈసారి డిస్కు గరగరమంది. తెర మీద ఆయన పెట్టుకున్న పేర్లన్నీ వరుసగా వచ్చాయి.

"బ్యాటరీ మారిస్తేనే ఇది నిలుస్తాది. అందాకా ఆపి ఏసినప్పుడల్లా ఈ అంకెలు కొట్టాల్సిందే. రాసి పెట్టుకో" అంది. కాగితం మీద రాసుకున్నాను. ఆమె క్లాసుకు వేళైందని వెళ్లిపోయింది. చదవడానికి నన్ను ఒంటరిగా వదలాలనే వెళ్లిందనుకుంటాను.

పేర్ల పక్కన తేదీలున్నాయి. చివరిది ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజుది. తెరిచాను.

అది ఉత్తరం కాదు. కార్డు. వైకుంఠ సమారాధన కార్డు, ఆయనదే. పేరు, ఊరు, వయసు ఉన్నాయి. తేదీల దగ్గర చుక్కలు పెట్టారు. కింద, ఇట్లు అన్న చోట, నా పేరు ఒక్కటే ఉంది. రెండోవైపు కన్నడంలోనూ అంతే.

ఆయన పోయినప్పుడు మా అచ్చాపీసు మైలతో మూసి ఉంది. మరిది వేరే అచ్చాపీసులో తొందరగా కార్డు వేయించాడు. అందులో తన పేరు, చిన్నాయన కొడుకుల పేర్లు ఉన్నాయి. నాది లేదు. నేనూ అడగలేదు. ఆ కార్డు ఊరంతా పోయింది. ఈ కార్డు అప్పుడు మా మేడ మీదే, పంచె కింద ఉంది.

"ఏం రాసినాడమ్మీ?" అంది అప్పుడే గడప దగ్గరికి వచ్చిన అత్తమ్మ. ఆమెకు చదువు రాదు.

"కార్డు."

"ఎవురిది?"

"ఆయనదే."

ఆమె నా పక్కకు వచ్చి తెర వైపు చూసింది. తర్వాత అడిగింది. "కింద ఎవురెవురి పేర్లు ఏసినాడు?"

"అందరివీ."

"నాది?"

"మీదే మొదట."

కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఒకటి అచ్చు ఏపించు. దేవునింట్లో పెడతా" అంది.

అచ్చు వేయాలంటే ఫ్లాపీ మరిది చేతికి పోవాలి. అతను చదువుతాడు. అందుకని ఆ కార్డుకు ఇంకో నకలు తీసి, నా పేరు పైన అత్తమ్మ పేరు, కింద మరిది పేరు కొట్టాను. ఆయన కూర్చినట్టు మధ్యకు సర్దడానికి చాలాసేపు పట్టింది. మరిది అచ్చు వేసి తెచ్చాడు. "అన్న నా పేరు గూడ ఏసిండాడే" అని మెట్ల మీద నిలబడి ఏడ్చాడు. అత్తమ్మ ఆ కార్డుకు పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకుంది. తాను పోయేదాకా రోజూ దానికి దండం పెట్టింది.

మరిది కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాడు. పాతది నాకు మిగిలింది. దానికి సరిపడే బ్యాటరీ దొరకలేదు. శుక్రవారం శుక్రవారం మూడు అంకెలూ కొట్టి లేపేదాన్ని. కార్డు తెరిచి, చూసి, మూసేదాన్ని. నాకోసం ఒకటి అచ్చు వేయించమని ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే నేను చెప్పిన అబద్ధం బయటపడుతుంది.

రెండేళ్లకు ఆ తుప్పు పలకంతా పాకింది. ఒక శుక్రవారం ఫ్యాను కూడా తిరగలేదు. ఈసారి ఎవరినీ పిలవలేదు. డిస్కు విప్పి బీరువాలో పెట్టాను. దాంతోపాటు ఆ అంకెల కాగితం, అత్తమ్మ పోయాక దేవుడి గూట్లోంచి తీసిన కార్డు ఉన్నాయి. ఆయన రాసిందని మా వాళ్లందరూ చూసేది ఆ కార్డునే.