కర్జకాన్ ఉస్తాద్ కోసం ప్రార్థన

ఆ బూట్లకు నల్ల రంగు పూసినవాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు. దొరికితే రెండు మాటలు అడగాలని మాత్రం ఉంది.

ఈసా టౌన్ పాత సామాన్ల బజారులో, తిరగని ఫ్యాన్లకీ పిల్లల సైకిళ్లకీ మధ్య, ఒక ప్లాస్టిక్ బుట్టలో పడి ఉన్నాయి. గుర్రాల మీద తిరిగే అమెరికా వాళ్లు సినిమాల్లో వేసుకునే రకం. పిక్కల పైదాకా వచ్చే గొట్టం, ముందు కోసుగా మొన, వెనక వాలుగా ఎత్తు మడమ, పట్టుకుని పైకి లాక్కోవడానికి రెండు పక్కలా రెండు తోలు చెవులు. పగుళ్లు కనబడకుండా ఎవరో ఇనుప గేటుకు వేసినట్టు దళసరిగా రంగు వేశారు. ఒకటి చేతిలోకి తీసుకుని గొట్టం లోపలికి చెయ్యి పోనిచ్చాను. బూజు వాసన కొట్టింది. కానీ వేళ్లకు తగిలిన తోలు మంచి తోలు. ఆ సంగతి కంటికంటే ముందు నా వేళ్లకు తెలిసింది.

"అమ్రీకా వాలా ఛోడ్‌కే గయా భాయ్, నేవీ వాలా," అన్నాడు కొట్టు అతను. అమెరికా నేవీవాడెవడో వదిలేసి పోయాడట.

ఈ రంగు ఎవరు పూశారని అడిగాను.

"నయా జైసా లగ్‌తా హై నా," అన్నాడు గర్వంగా. కొత్తవాటిలా ఉన్నాయట. మంచి తోలు ఊపిరాడకుండా రంగు కింద చస్తుంటే, కొత్తవాటిలా ఉన్నాయట. బేరమాడకుండా కొనేశాను.

నేను ఈ గల్ఫ్ దేశంలో, జుఫైర్‌లో ఒక హోటల్లో మెయింటెనెన్స్ పని చేస్తాను. నా గదిలో ఉండేది నిజామాబాద్ వైపు అతను, హోటల్ వ్యాన్ నడుపుతాడు. నా చేతిలో బూట్లు చూసి మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఏందన్నా ఇవి? గుర్రం గూడ కొన్నవా, ఎనుక వస్తదా?"

"గుర్రం ఎందుకు, నువ్వున్నావుగా."

"గడ్డి ఎవరేస్తరు మరి? మెస్సోళ్లు పెట్టే అన్నం నాకే సరిపోతలేదు."

రంగు వదిలించడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. గోళ్ల రంగు తుడిచే మందు దూదికి అద్ది, ఒక్కో జానెడు మేర రుద్దుతూ పోయాను. నలుపు పోయేకొద్దీ కింద నుంచి చింతపండు రంగు తోలు బయటపడింది. గొట్టం మీద నాలుగు వరసల కుట్టుపని, ఆకుల్లా తీగల్లా, ఒకప్పుడు పచ్చగా ఉన్న దారంతో. అది చూసి ముందు ఆనందం కలగాలి. నాకు కోపం వచ్చింది. ఒక మనిషి కూర్చుని, కళ్లు పొడుచుకుని కుట్టిన కుట్టును ఇంకొకడు ఇలా కప్పిపెడతాడా అని.

లోపలి బూజు వెనిగర్ నీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టాను. ఎండిపోయిన తోలుకు ఆముదం పట్టించాను, కొంచెం కొంచెంగా, మూడు రోజులు. అడుగు అట్ట అంచున దారం తెగిపోయి నోరు తెరుచుకుంది. సైకిల్ చక్రం పుల్లకు మొన తీసి చెక్క పిడిలో దిగ్గొట్టుకుని ఆరె చేసుకున్నాను. ఆరె అంటే తోలులో బెజ్జం పొడిచే సూది. దారానికి మైనం రుద్ది రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టాను. అట్ట మధ్యలో ఇనుప మేకులు కాదు, సన్నటి చెక్క మేకులు ఉన్నాయి. ఊడిపోయినవాటి చోట హోటల్ వంటగదిలో కబాబులు గుచ్చే వెదురు పుల్లలు చెక్కి కొట్టాను. ఇనుమైతే తుప్పు పట్టి తోలును తినేస్తుంది. వెదురు తోలుతోపాటే ఉబ్బుతుంది, తోలుతోపాటే తగ్గుతుంది.

నా పక్కన కూర్చుని చూస్తున్న గది మిత్రుడు అన్నాడు: "అన్నా, ఇది హోటల్ల నేర్చిన పని గాదు."

"మా నాన్న పని."

"నాకెప్పుడో ఎరుకైంది తియ్. నువ్వు దారం తుంపిన తీరు మా ఊర్ల చెప్పులు కుట్టే తాత తీరే." అంతే, మళ్లీ ఫోన్ చూసుకోవడంలో పడ్డాడు. అతనికి అది ఒక విషయమే కాలేదు.

మా చర్చి సంఘంలో మాత్రం అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను ఈ సంగతి దాస్తూ వచ్చాను. మాది ఒంగోలు అవతల ఒక మాదిగ పల్లె. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. తాత తోళ్లు ఊనేవాడు, అంటే పచ్చి తోలును పదును చేసేవాడు. "నాన్నగారు ఏం చేసేవారు బ్రదర్?" అని ఇక్కడ ఎవరు అడిగినా, వ్యవసాయం అనేవాణ్ని. మా నాన్నకు పూలకుండీలో పోసుకునేంత మట్టి కూడా సొంతం లేదు. క్రీస్తులో అందరం ఒకటే అని ప్రతి శుక్రవారం పాడే మనుషుల మధ్య నేను ఆ అబద్ధం ఆడాను. ఎందుకంటే, పాట అయిపోయాక బయట టీ తాగేటప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడతారో నేను చూస్తూనే ఉన్నాను.

మాకు జీతం తీసుకునే పాస్టర్ లేడు. ఒక కంపెనీలో స్టోర్ మేనేజర్‌గా పనిచేసే పెద్దాయన సంఘం నడిపిస్తాడు. అందరం అయ్యగారు అంటాం. నెలకొక శుక్రవారం వాక్యం చెప్పే పని ఆయనే నాకు ఇచ్చాడు. వారమంతా కొళాయిలూ ఏసీలూ బాగుచేసే నాకు, బైబిలు తెరిచి నిలబడే ఆ ముప్పావు గంట కోసమే మిగతా నెలంతా గడిచేది. అది పోతుందేమోనన్న భయమే నా నోరు కట్టేసింది.

ఒక మంగళవారం గృహ ప్రార్థన మా గదిలో పెట్టుకున్నాం. వచ్చినవాళ్లు గుమ్మం బయట చెప్పులు విడిచారు. అక్కడే నా బూట్లు, చివరిసారి ఆముదం పట్టి, మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒక అక్క ఆగి, ఒక బూటు ఎత్తి చూసింది.

"ఎంత బాగున్నాయి తమ్ముడూ. ఎక్కడ చేయించావు?"

నా వెనకే అయ్యగారు నిలబడి ఉన్నాడు. అంతకుముందు వారమే మా హోటల్ యజమాని తోట ఇంట్లో పంపు చూడడానికి కర్జకాన్ వెళ్లొచ్చాను. నోటికి ఆ ఊరే వచ్చింది.

"కర్జకాన్‌లో ఒకాయన ఉన్నాడక్కా. పాత మనిషి. మంచి పనివాడు."

బైబిలు చేతిలో పట్టుకునే అన్నాను ఈ మాట.

ఆ వారం నుంచి సంచులు రావడం మొదలైంది. తెగిన చెప్పు వారు, అరిగిన మడమ, ఊడిన అట్ట. "వెళ్లినప్పుడు ఆయనకిచ్చి తీసుకురా తమ్ముడూ." నేను డ్యూటీ అయ్యాక కూర్చుని కుట్టేవాణ్ని, రెండు రోజులు ఆగి ఇచ్చేవాణ్ని, కర్జకాన్ దూరం కదా. గది మిత్రుడు వ్యాన్ తాళాలు తిప్పుతూ లోపలికొచ్చి అడిగేవాడు: "కర్జకాన్ ఉస్తాద్ ఇంట్ల ఉన్నడా? లేకుంటే మళ్లొస్త."

"నోరు మూసుకో."

"ఉస్తాద్‌కు కోపం గూడ ఉన్నది. ఎందుకు దాస్తున్నవన్నా? దొంగతనం చేస్తున్నవా?"

దారానికి మళ్లీ మైనం రుద్దాను.

ఒకరోజు అయ్యగారు తన శుక్రవారం బూట్లు ఇచ్చాడు. రెండు కవర్లలో చుట్టి, రెండు వేళ్లతో పట్టుకుని. అట్ట ముందు భాగం ఊడిపోయింది.

"ఆ మనిషి తెలుగువాడా బ్రదర్?"

"కాదండి. పాకిస్తానీ."

"అయితే నయమే. మనవాడైతే ఏ పల్లె, ఎవరి తాలూకు అని పలకరించాలి. పలకరిస్తే రేపు కూటానికొచ్చి పక్కన కూర్చుంటాడు. ఆ వాసన పోవడానికి వారం పడుతుంది." అని నవ్వాడు.

నేనూ నవ్వాను.

ఆయన మాటను దేవుని ముందు పెట్టి ఏడిస్తే ఆ కోపం కొంతైనా తగ్గుతుంది. నా నవ్వు మీద కోపం మాత్రం తగ్గదు. ఆ నవ్వుతో నేను మా నాన్న ముఖం మీద ఉమ్మాను. తరవాత గదికి వెళ్లి, ఆ బూట్లను నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టిగా కుట్టాను. అదీ నా రోగమే.

ఆ నెల వాక్యం నా వంతు వచ్చిన శుక్రవారం. పాటలయ్యాక ప్రార్థన అంశాలు చదివారు. ఒకరి ఆపరేషన్, ఒకరి వీసా, ఒకరి బిడ్డ పరీక్షలు. చివర్లో అయ్యగారు అన్నాడు: "కర్జకాన్‌లో చెప్పులు కుట్టుకుని బతికే ఒక అన్యుని కోసం ప్రార్థిద్దాం. మన బ్రదర్ అతని దగ్గరికి వెళ్లివస్తున్నారు."

అందరూ తలలు వంచారు. అయ్యగారు గొంతెత్తి ప్రార్థించాడు. ఆ దౌర్భాగ్యుణ్ని చీకటిలోంచి లాగమన్నాడు. ఆ నీచమైన పనిలోంచి విడిపించి, మనుషుల మధ్య కూర్చోబెట్టే బతుకు ఇమ్మన్నాడు. మా బ్రదర్‌ను అతని దగ్గర సాక్షిగా నిలబెట్టమన్నాడు. హాలంతా ఆమేన్ అంది. నర్సు అక్క కళ్లు తుడుచుకుంటోంది, లేని మనిషి కోసం. ఆమె కన్నీళ్లు నిజమైనవి. అవి నన్ను ఇంకా కాల్చాయి.

నేను ఆమేన్ అనలేదు. ఆ ప్రార్థనలోని బ్రదర్‌ను నేనే. ఎవరి దగ్గరికి నన్ను పంపమంటున్నారో ఆ మనిషినీ నేనే.

వాక్యానికి పిలిచారు. ఒట్టి కాళ్లతో వెళ్లి నిలబడ్డాను. సిద్ధం చేసుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది.

"కర్జకాన్‌లో ఎవరూ లేరండి," అన్నాను. "మీ చెప్పులన్నీ కుట్టింది నేను. అబద్ధమాడాను, అది పాపం, సంఘం ముందు ఒప్పుకుంటున్నాను. మాది మాదిగ పల్లె. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఆయనది వ్యవసాయం అన్నది ఇంకో అబద్ధం."

"బ్రదర్, ఇది వాక్య సమయం," అన్నాడు అయ్యగారు మెల్లగా.

"వాక్యమేనండి. అపొస్తలుడు సముద్రం పక్కన ఒక తోలు పనివాడి ఇంట్లో చాలా రోజులు ఉన్నాడు. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు నిషిద్ధం అనొద్దు అనే దర్శనం ఆయనకు ఆ ఇంటి మిద్దె మీదే వచ్చింది. ఆ దర్శనం గురించి నేను ఇక్కడే మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆ ఇంటిని దాటేసి మేడెక్కాను. ఆ ఇల్లు ఎలాంటి వాసన వస్తుందో ఈ హాల్లో అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేను. అపొస్తలుడు ఆ వాసనలోనే అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. దేవుడు ఆయన్ని వెతుక్కుంటూ ఆ ఇంటికే వచ్చాడు. ఆ ఇంటాయన్ని ఆ పనిలోంచి విడిపించమని అపొస్తలుడు ప్రార్థించినట్టు నాకు ఎక్కడా కనబడలేదు."

ముప్పావు గంట చెప్పాల్సినవాణ్ని, అంతటితో వచ్చి కూర్చున్నాను. ఎవరో పాట ఎత్తుకున్నారు.

రెండు వారాల తరవాత అయ్యగారూ మరో ఇద్దరు పెద్దలూ నన్ను పిలిచారు.

"అబద్ధం అబద్ధమే కదా బ్రదర్. వాక్యం చెప్పే మనిషి. కొంతకాలం ఆ పరిచర్య ఆపుదాం."

"న్యాయమేనండి."

"పశ్చాత్తాపపడ్డారా?"

"అబద్ధానికి పడ్డాను. ఎందుకు ఆడానో మీరు అడగలేదు. వాసన అన్నారు, ఆ మాట గురించీ మాట్లాడలేదు."

"వాసనా? నేనెప్పుడన్నాను?"

ఆయన నటించలేదు. నిజంగానే గుర్తు లేదు. నేను రోజుల తరబడి నిద్రపోకుండా మోసిన మాట ఆయన నోట్లో ఒక పూట కూడా నిలవలేదు. ఆ క్షణం వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. లేచి, ప్రైజ్ ద లార్డ్ చెప్పి వచ్చేశాను.

వాక్యం చెప్పేవాళ్ల జాబితాలోకి నా పేరు ఇప్పటికీ తిరిగి రాలేదు. శుక్రవారం కూటానికి మాత్రం తప్పను. ఆ అమెరికా బూట్లు వేసుకునే వెళ్తాను, గుమ్మం దగ్గర వరసలో విడుస్తాను. సంచులు రావడం ఆగిపోయింది. నర్సు అక్క ఒక్కతే ఒకసారి చెప్పులు అందరి ముందూ నా చేతికిచ్చింది, కవరు లేకుండా. అయ్యగారు నేను కుట్టిన బూట్లే వేసుకొస్తున్నాడు. పారేయలేదు. నా వాక్యం వద్దు గానీ నా కుట్టు కావాలి.

మొన్న శుక్రవారం అందరూ వెళ్లిపోతుండగా, ఎడమ బూటు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మడమ దగ్గర కాస్త వదులైంది బ్రదర్. రూముకు తీసుకెళ్లి చూస్తారా?"

నా సంచిలో ఆరె, దారం ఉన్నాయి. గుమ్మం పక్కన, చెప్పుల వరస ముందు నేల మీద కూర్చున్నాను.

"ఇవ్వండి. పది నిమిషాల పని."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు. రూములో చూడండి."

"కర్జకాన్ కొట్టు మూసేశారండి. ఇప్పుడు పనంతా ఇక్కడే."

చేయి చాపి ఉంచాను. ఆయన దాని వంక చూశాడు, చుట్టూ చూశాడు. బూటు కింద పడేసి కాలు దూర్చుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద ప్రతి అడుగుకూ ఆ మడమ టపామని కొట్టుకోవడం కింది అంతస్తు దాకా వినిపించింది.

నా బూట్లలో కాళ్లు దూర్చి, చెవులు పట్టుకుని పైకి లాగాను.