జేబు లేని బనీను

మా ఆయనకు చక్కెర జబ్బని తేలిన ఏడాదే పరుగు సంఘంలో చేరాడు. ఆ రోజుల్లో తిరుపతిలో తెల్లారి రోడ్డు మీద పరుగెత్తేవాళ్లను చూస్తే కుక్కలకు కూడా వింతే. అయినా కాలేజీ మైదానంలో కొంతమంది చేరేవారు. హోటలు వాళ్లు, బ్యాంకు గుమాస్తాలు, హైస్కూల్లో తెలుగు చెప్పే మా ఆయన. రేణిగుంట రోడ్డు మీద రైలు గేటు దాకా పోయి తిరిగి రావడం వాళ్ల పని.

అందులో రేకు పెట్టెలు చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. నా పెళ్లినాటి పెట్టెకు అడుగు తుప్పు పడితే కొత్త రేకు వేసి ఇచ్చింది ఆయనే. అందరికంటే బాగా పరుగెత్తగలిగిన మనిషి, రోజూ అందరికంటే వెనక వచ్చేవాడు. కాలు బెణికినవాళ్లను భుజం ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చేవాడు. చెయ్యి విరిగిన హోటలు వంటమనిషిని, తన కొట్టు మూసుకుని పుత్తూరు దాకా బస్సులో తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చాడు. అలా ఎవరూ పెట్టని ఆనవాయితీ ఒకటి పడిపోయింది. పెట్టెల సాయిబు మైదానంలోకి వచ్చాడంటే రోడ్డు మీద మనవాళ్లు ఎవరూ మిగల్లేదని లెక్క. ఆయన కనబడిన తర్వాతే టిఫిను గిన్నెల మూతలు తీసేవాళ్లు.

ఆయనకు కాస్త ముందర రొప్పుకుంటూ వచ్చేది ఎప్పుడూ మా ఆయనే. మాత్ర గట్టిగా పనిచేస్తే చక్కెర ఉన్నట్టుండి పడిపోతుందనీ, వెంటనే బెల్లం నోట్లో వేయాలనీ డాక్టరు చెప్పాడు. ఆ బెల్లం మోసే పని కూడా సాయిబే తీసుకున్నాడు.

"అయ్యవారి జోబీలో బెల్లమా? గేటు కాడికి పోయేలోపలే సప్పరించేస్తాడు. నాకియ్యమ్మా," అని నవ్వి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండుసార్లు ఆ బెల్లమే మా ఆయన్ను ఇంటికి చేర్చింది.

ఇలాంటి మనిషికి సన్మానం చేయాలని సంఘం పెద్దకు తోచింది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు. "ఇన్నేండ్లూ ఆయప్ప మన ఎనకాల పరిగెత్తినాడు. ఆ పొద్దు మనమంతా ఆయప్ప ఎనకాల పరిగెత్తాల," అన్నాడు. అందరికీ ఆ మాట భలే నచ్చింది.

ఆ రోజు నేను పులిహోర చేసుకుని మైదానానికి పోయాను. రాగానే తినొచ్చు కదా అని మా ఆయన మాత్ర ముందే మింగేశాడు. సాయిబుకు సంఘం వాళ్లు తెల్లటి కొత్త బనీను తొడిగారు. పాత చొక్కా ఆయన నా చేతికిచ్చాడు.

"నేను ముందు పోతే ఎనకాల ఎవురుంటారు సార్?" అని అడిగాడు.

"ఈ ఒక్క పొద్దుకు దేవుడుంటాడులే, నడువప్పా!" అని డ్రిల్లు మాస్టరు ఆయన్ను ముందుకు తోశాడు. అందరూ నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు సాయిబే ముందు మైదానంలోకి వచ్చాడు. ఆయన్ను చూడగానే అలవాటుగా అందరి చేతులూ గిన్నెల మూతల మీదికి పోయాయి. వెనకే కేకలేసుకుంటూ గుంపు వచ్చిపడింది. కుర్చీలో కూర్చోబెట్టారు, దండ వేశారు, శాలువా కప్పారు. డ్రిల్లు మాస్టరు మైకు పట్టుకుని తన చిన్నతనం నుంచి మొదలుపెట్టాడు.

నేను చొక్కా ఈ చేతి మీద నుంచి ఆ చేతి మీదికి మార్చుకుంటుంటే గట్టిగా ఏదో తగిలింది. జేబు అంచు వెంట చీమలు బారు కట్టి పోతున్నాయి. గుంపులో మా ఆయన బట్టతల కోసం వెతికాను.

"మా ఆయన యాడ?" అని వంటమనిషిని అడిగాను.

"నా ఎనకాలే వస్తా ఉండె కదక్కా!"

పక్కనున్న బ్యాంకాయన, "నేను ముందరికి పోయినాడనుకుంటి," అన్నాడు.

మైకులో మాటల మీదుగా ఇది సాయిబు చెవిన పడింది. లేచాడు. శాలువా కింద పడింది. దండతోనే రోడ్డు పట్టాడు. చీర దోపుకుని నేనూ వెనక పడ్డాను.

"అన్నా, బెల్లం! బెల్లం నీ చొక్కాలో ఉండాది!"

పరుగెత్తుతూనే ఆయన చెయ్యి గుండెల మీద తడుముకుంది. ఆ బనీనుకు జేబే లేదు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహం చూశాను. అప్పటిదాకా నాకున్న కాస్త ధైర్యమూ ఆ మొహం చూసి పోయింది. చొక్కా గుంజుకుని పరుగెత్తాడు. ఏడుకొండలవాడికి మొక్కుకుందామంటే నాకు మాటలు రాలేదు. ముందు ఆయన "యా అల్లా, యా అల్లా" అంటూ పోతున్నాడు. ఆ మాటనే పట్టుకుని నేనూ పరుగెత్తాను.

గేటుకు ఇవతల కల్వర్టు పక్కన గడ్డిలో పడున్నాడు మా ఆయన. ఒంటి మీది చొక్కా చెమటకు నీళ్లలో ముంచి తీసినట్టుంది. దారిన పోయేవాళ్లు తాగి పడ్డాడనుకున్నారేమో. సాయిబు ఆయన తల ఒళ్లో పెట్టుకుని, బెల్లం పంటితో కొరికి, వేలితో దవడ లోపల రుద్దాడు.

"అయ్యవారూ, సప్పరించు నాయనా. నీకెంత కావాలంటే అంత సప్పరించు. నేనేమీ అనను."

బెల్లం నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి. మా ఆయన కళ్లు తెరవలేదు.

రేణిగుంట నుంచి వచ్చే లారీ ఆపి ఆసుపత్రికి చేర్చాం. సూది మందు ఎక్కించారు. మధ్యాహ్నమైనా తెలివి రాలేదు. డాక్టరు ఏ మాటా తేల్చి చెప్పలేదు. వరండాలో సాయిబు గోడకు తల కొట్టుకున్నాడు. "దేవుడుంటాడంటే నేనెట్ల నమ్మితినమ్మా? ఆయన పని ఆయనది, నా పని నాది కదా!" అన్నాడు. దండలో పూలు ఒక్కొక్కటే రాలుతుంటే చూస్తూ కూర్చున్నాను.

పొద్దు వాలేటప్పుడు మా ఆయన కళ్లు తెరిచాడు. చాలాసేపు నేనెవరో తెలియలేదు. తర్వాత కాళ్ల దగ్గరున్న సాయిబును చూసి, "సన్మానం అయిపోయిందా?" అన్నాడు.

"యాడప్పా! ఆ మాస్టరు ఇంకా మాట్లాడతానే ఉంటాడు," అని సాయిబు నవ్వబోయి, భోరుమన్నాడు.

తర్వాత సంఘం వాళ్లు శాలువా ఇవ్వబోతే సాయిబు తీసుకోలేదు. బనీను నా చేతిలో పెట్టి, "ఇది వాళ్లకిచ్చేయమ్మా," అన్నాడు. నేను ఇవ్వలేదు. మా ఆయన పాత పంచెలో గట్టి ముక్క కత్తిరించి, బనీనుకు జేబు కుట్టాను. పైన మూత పెట్టి గుండీ వేశాను. బెల్లం ముక్క పెట్టి కొట్టుకు తీసుకుపోయి ఇచ్చాను.

సుత్తి పక్కన పెట్టి, ఆయన గుండీ తీసి చూసి, మళ్లీ పెట్టాడు.

"అయ్యవారు మళ్లా ఎప్పుడు వస్తాడు?"

"డాక్టరు సరేనన్నాక. నువ్వు ఎనకాల ఉంటేనే పంపిస్తాను, అన్నా."

ఆయన నా ముందే పాత చొక్కా విప్పి బనీను తొడుక్కున్నాడు.